సంపాదకుని మాట: ముందున్నవారి లయ

తొలకరితో మొదలైన మన నడకలకు ఈ సంచికతో ఏడాది నిండింది. మూసీ పుట్టిన అనంతగిరి అడవిలో వానకు తడిశాం. భువనగిరి ఏకశిల మీద ఎండ ముదరకముందే దిగిపోవాలని తెలుసుకున్నాం. కాకపోతే కాస్త ఆలస్యంగా, రాతికి ఆనించిన అరిచేతులు చురుక్కుమన్నాక!

నీళ్ల సంగతి వేరు. కోట్‌పల్లి జలాశయంలో తొలిసారి కయాక్ ఎక్కిన ఓ జంట పావుగంటసేపు ఉన్నచోటే గిరగిరా తిరిగింది. ఆయన తెడ్డు ఆవిడ తెడ్డుకు టకటకా తగులుతోంది, తప్పెవరిదన్న వాదన ఒడ్డుదాకా వినిపిస్తోంది. ముందు కూర్చున్నవారి లయను వెనకున్నవారు అందుకోవాలని చెప్పాక పడవ తిన్నగా సాగింది.

కొండ మీదా అంతే. అందరికంటే నెమ్మదిగా నడిచేవారే మన వరుసలో ముందుంటారు. అందుకే ఈ ఏడాది ఎవరూ వెనకబడలేదు. తిరిగొస్తూ మనం పడేయని చిప్స్ కవర్లు కూడా ఏరుకొచ్చాం.

ఆ నడకల కబుర్లు, ఫొటోలు, వానాకాలం సంచిలో ఏమేం సర్దుకోవాలో చెప్పే వ్యాసం లోపలి పేజీల్లో ఉన్నాయి. చదివి పక్కన పెట్టేయకండి. ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి బస్సు కదులుతుంది. టోపీ, రెండు లీటర్ల నీళ్లు మరవొద్దు.

- సంపాదకుడు