సింహాద్రి చుట్టిన కాళ్ళకి సైకిలు బరువా?

ఆషాఢ పౌర్ణమి దగ్గర పడుతోందంటే మన విశాఖలో ఆడవాళ్ళ కాళ్ళకి ఎక్కడలేని బలం వస్తుంది. ముందురోజు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే అడవివరం, హనుమంతవాక, అప్పూఘర్, మాధవధార, గోపాలపట్నం మీదుగా సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. చాలామంది చెప్పులు కూడా వేసుకోరు. అరవై దాటిన బామ్మలూ, షుగరు మాత్రలు వేసుకునే అత్తగార్లూ, బడికెళ్ళే పిల్లలున్న కోడళ్ళూ రాత్రంతా నడుస్తారు. తెల్లారి వచ్చి పాదాలు వేణ్ణీళ్ళలో పెట్టుకుని కూర్చుంటే ఇంట్లో వాళ్ళే కాఫీ కలిపి ఇస్తారు. "నీవల్ల అవుతుందా?" అని అడిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? లేరు.

సరే, అదే ఇల్లాలు ఒక శుక్రవారం రాత్రి, "ఎల్లుండి తెల్లారగట్ల మేం నలుగురం సైకిళ్ళేసుకుని భీమిలి వెళ్ళొస్తాం" అని చూడమనండి! "ఏటీ, సైకిలా? ఈ వయసులో? పడితే ఎవరు చేస్తారు?" అని మొదలై, చివరికి ఒక్క మాట దగ్గర ఆగుతుంది... "అసలెందుకు?"

ఆర్కే బీచి నుంచి భీమిలి 30 కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. గిరి ప్రదక్షిణలో ఉత్త కాళ్ళతో నడిచినంత దూరమే, అదీ చక్రాల మీద. కాబట్టి అభ్యంతరం కాళ్ళ గురించి కాదు, ఆ "ఎందుకు" గురించి. గుడికైతే సరే, ఆస్పత్రికైతే సరే, పిల్లల ఫీజు కట్టడానికైతే మరీ సరే. ఏ పనీ లేకుండా, కొండల్ని చూసి రావడానికి ఆడది పొద్దున్నే ఇల్లు దాటడం మాత్రం మన ఇళ్ళకి ఇంకా అలవాటు కాలేదు.

దీనికి కొందరు ఉపాయం చెబుతారు. "బరువు తగ్గమని డాక్టరు చెప్పారని చెప్పెయ్యి, సరిపోతుంది" అని. ఈ ఉపాయం నాకు నచ్చదు. ఆ సాకు మీద బయటికొస్తే, రెండు నెలల్లో రెండు కిలోలు తగ్గకపోతే సైకిలు పెరట్లోకి పోతుంది. ఇష్టమై వెళుతున్నాను అని మొదటి రోజే చెప్పడం కష్టమే. కానీ ఒక్కసారి చెబితే చాలు, ప్రతి వారం లెక్క చెప్పక్కర్లేదు.

సైకిలు మనకి కొత్తదేం కాదు కదా. 2017లో మన రాష్ట్రంలో 'బడికొస్తా' పేరుతో సర్కారు హైస్కూళ్ళలో ఆడపిల్లలకి సైకిళ్ళిచ్చారు. బీహారులో 2006లోనే ఇచ్చారు. మంచి పనే. అయితే ఆ పిల్లలే ఇంటరు దాటేసరికి సైకిలు ఏమవుతోంది? తమ్ముడికో, పాత ఇనుముకో! బడికి వెళ్ళే పని తీరిపోయింది కనక సైకిలు పనీ తీరిపోయినట్టే. ఈ విషయంలో పక్క రాష్ట్రం పుదుక్కోట్టై జిల్లా ఆడవాళ్ళే మేలు. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం నడిచినప్పుడు, అక్షరాలతో పాటు సైకిలూ నేర్చుకున్నారు. కూలిపని చేసుకునేవాళ్ళు, క్వారీల్లో రాళ్ళు కొట్టేవాళ్ళు, నర్సులు, అంగన్‌వాడీ పనివాళ్ళు వేలమంది రోడ్డెక్కారు. జనం నవ్వారు, వెక్కిరించారు, వీళ్ళు తొక్కుతూనే ఉన్నారు. అమెరికాలో, ఇంగ్లండులో 1890లలో కొందరు డాక్టర్లు, ఆడవాళ్ళు సైకిలు తొక్కితే ముఖం బిగుసుకుపోయి 'సైకిలు ముఖం' వస్తుందని భయపెట్టారట. మనవాళ్ళు "పడిపోతావే" అనే దగ్గరే ఆగారు, ఎంతో నయం!

ఇక ప్రయాణానికి సిద్ధం కావడం సంగతి. మగవాళ్ళు రాసే సలహాల్లో మొదటి మాట గేర్ల గురించి ఉంటుంది. మన దగ్గర మొదటి మాట పిండి గురించి! శనివారం రాత్రే రుబ్బి, చట్నీకి పోపు పెట్టి, బాక్సుల మీద పేర్లు రాసి, అత్తగారి మాత్రలు గిన్నెలో వేసి... ఇంతా చేసి పదకొండింటికి పడుకుని నాలుగింటికి లేస్తే, ఎండాడ దాటకముందే నీరసం వస్తుంది. నా మాట వినండి, ఆ శనివారం ఏమీ రుబ్బకండి. విశాఖలో ఏ వీధి మొదట్లో చూసినా టిఫిన్ సెంటరుంది. ఒక్క ఆదివారం ఇంటివాళ్ళు అక్కడ ఇడ్లీ తింటే కొంప మునగదు. మీరు మాత్రం తొమ్మిదింటికల్లా పడుకోండి. కొండ ఎక్కడానికి ఇంతకన్నా మంచి తయారీ లేదు.

ఇంకోటి, వెనకాల కారు. "సరే వెళ్ళండి, నేను కారులో వెనకే వస్తా" అంటారు శ్రీవారు. ప్రేమే, కాదనను. కానీ కారు వెనకే ఉంటే ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో, ఎప్పుడు తిరగాలో కారే నిర్ణయిస్తుంది. భీమిలికి ఆ కారు అక్కర్లేదు. నలుగురు ఆడవాళ్ళు, నాలుగు ఫోన్లు, ఒక గాలి పంపు, ఒక అదనపు ట్యూబు చాలు. ట్యూబు మార్చడం ఇంట్లోనే రెండుసార్లు నేర్చుకోండి. గ్యాసు సిలిండరుకి రెగ్యులేటరు మార్చేవాళ్ళకి అదో లెక్క కాదు.

ఆ దారి అందం చెప్పేదా! అయిదింటికి బయల్దేరితే తెన్నేటి పార్కు దగ్గర తెల్లవారుతుంది. కైలాసగిరి పాదం చుట్టూ రోడ్డు మెల్లగా లేస్తుంది, మొదట ఊపిరి తెలిసేది అక్కడే. రుషికొండ దాటాక ఒక పక్క సముద్రం, ఒక పక్క ఎర్రటి గుట్టలు. మంగమారిపేట దగ్గర తొట్లకొండకి పైకి దారి చీలుతుంది. సముద్ర మట్టం నుంచి 128 మీటర్లే గానీ, నిలువుగా ఉంటుంది. సైకిలు దిగి నడిపించుకుంటూ వెళ్ళినా నామోషీ ఏం లేదు. రెండు వేల ఏళ్ళనాటి బౌద్ధ భిక్షువులు వానాకాలం తలదాచుకున్న చోటు అది, పైనుంచి చూస్తే తీరమంతా కనిపిస్తుంది. తర్వాత ఎర్రమట్టి దిబ్బలు, ఆ తర్వాత గోస్తని సముద్రంలో కలిసే భీమిలి. వేసవిలో ఒక్క సంగతి గుర్తుంచుకోండి. నైరుతి గాలి వెళ్ళేటప్పుడు వీపు తడుతుంది, వచ్చేటప్పుడు మొహాన కొడుతుంది. అందుకని సగం బలం తిరుగు ప్రయాణానికి దాచుకోవాలి. గాజువాక వైపు, పోర్టు వైపు మాత్రం వద్దు, ఆ లారీల మధ్య సైకిలుకి చోటు లేదు.

నాలుగైదుసార్లు భీమిలి వెళ్ళొచ్చాక అనంతగిరి ఆలోచన రాకమానదు. ఇక్కడ నాదో పట్టుదల. విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్ల దాకా ఉంటుంది, దాన్ని ఒక్కరోజులో తొక్కేశామని మగపిల్లలు చెప్పుకుంటారు. చెప్పుకోనీయండి. మనకి ఆ లెక్కెందుకు? సైకిళ్ళు గూడ్సు ఆటోలో వేసుకుని శృంగవరపుకోట దాకా వెళ్ళి, ఎండ ముదరకముందే ఘాటీ మొదలుపెట్టి, ముందే మాట్లాడుకున్న గదిలో రాత్రికి అనంతగిరిలో ఉండిపోవచ్చు. అరకు లోయ దాదాపు మూడువేల అడుగుల ఎత్తున ఉంది. మన సముద్రపు ఒడ్డు కాళ్ళకి అది చిన్న మాట కాదు. ముందు చిన్న పళ్ళచక్రం, వెనక పెద్ద పళ్ళచక్రం పడేలా గేరు పెట్టుకుని, మాట్లాడుకోగలిగినంత నెమ్మదిగా తొక్కాలి. మాట రాకపోతే వేగం ఎక్కువైనట్టే. తైడా దాటాక చల్లదనం మొదలవుతుంది, కాఫీ తోటల నీడ వస్తుంది. దముకు దగ్గర ఆగి లోయ చూడకపోతే ఆ ఎక్కిందంతా దండగే!

భయపడాల్సింది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. బ్రేకు ఒకేసారి బిగించి పట్టుకుంటే రబ్బర్లూ, చక్రం అంచూ వేడెక్కి పట్టు తప్పుతాయి. నొక్కి వదులుతూ, రెండు బ్రేకులూ వాడుతూ రావాలి. మలుపులో బస్సు సగం రోడ్డు తీసుకుంటుంది, మన ఎడమ మనం వదలకూడదు. పొగమంచు కాలంలో వెనక ఎర్రలైటు లేకుండా కదలొద్దు. చున్నీ ఇంట్లోనే వదిలెయ్యండి, చైనులో పడితే మెడకి ప్రమాదం. ఘాటీకి మాత్రం వెనక ఓ బండి ఉంటే మంచిదే. డ్రైవరుకి డబ్బులిచ్చి పెట్టుకుంటే, ఎక్కడ ఆగాలో మనమే చెప్పచ్చు కూడా.

ఇన్ని చెప్పి అసలు సంగతి దాస్తే ఎలా? ఆడవాళ్ళు నలుగురు పొద్దున్నే రోడ్డెక్కితే వాళ్ళు మాట్లాడుకునే మొదటి విషయం మరుగుదొడ్డి. దారిలో ఎక్కడుందో తెలీక మంచినీళ్ళు తాగడం మానేస్తారు. విశాఖ ఉక్కపోతలో నీళ్ళు మానేసి తొక్కడం కన్నా పిచ్చిపని లేదు, కళ్ళు తిరుగుతాయి, కండరాలు పట్టేస్తాయి. నెలసరి రోజులైతే అసలు బయల్దేరరు. గిరి ప్రదక్షిణ రోజున దారి పొడుగునా మజ్జిగ, మంచినీళ్ళు, తాత్కాలిక మరుగుదొడ్లు పెట్టగలుగుతున్నాం. అంటే ఏం కావాలో అందరికీ తెలుసన్నమాట. మిగతా రోజుల్లో అంత హంగామా అక్కర్లేదు. బీచి రోడ్డు మీద భీమిలి దాకా ఓ నాలుగు చోట్ల, ఘాటీలో తైడా దగ్గరొకటి, దముకు దగ్గరొకటి ఉంటే చాలు. ఉన్నవాటికి పొద్దున్న అయిదింటికి తాళం తీయాలి. లోపల నీళ్ళు రావాలి, తలుపుకి గడియ ఉండాలి. తుడిచే మనిషికి నెల నెలా జీతం అందాలి. ఆ మనిషీ మనలాంటి ఆడదే అయి ఉంటుంది.