నవ్వుపై అభియోగము
1817 డిసెంబరు 18, 19, 20 తేదీలలో లండను న్యాయస్థానము విలియం హోన్ అను బీద పుస్తక విక్రేతను వరుసగా మూడుమార్లు విచారించెను. క్రైస్తవ ప్రార్థనల ఫక్కిలో మంత్రులను పరిహసించినాడట, కావున దైవదూషణమట! మంత్రులు దేవుని చాటున దాగుకొనుట వింతగదా! వకీలును పెట్టుకొనజాలని హోన్, పాతగ్రంథముల మోపు తెచ్చి, ఇట్టి యనుకరణములు పెద్దలును చేసిరని తానే వాదించెను. కడపటి రెండుదినములు ప్రధాన న్యాయాధిపతి ఎలెన్‌బరో ప్రభువే పీఠమెక్కినను, జూరీలు మూడుమార్లును నిర్దోషియనిరి. హోనుకంటె ఆ జూరీలవారి ధైర్యమునే మేమెక్కువగా మెచ్చుకొందుము. 1819 ఆగస్టులో మాంచెస్టరున సభకు వచ్చిన ప్రజలపైకి గుఱ్ఱపుదళమును తోలినపుడు, హోన్ పిల్లల పాట వరుసలో మరల పద్యము కట్టెను. క్రూక్‌షాంక్ బొమ్మలు గీసెను. జూరీలను నమ్మలేని ప్రభుత్వము ఆ డిసెంబరులోనే చౌక పత్రికలకును స్టాంపు సుంకము విధించెను.