రేలంగి ఫోటో గోడ మీద ఎందుకు ఉండాలి

ఈసారి కూడా పొడుగే రాస్తున్నాను. టీ పెట్టుకొని కూర్చోండి. నేను చదివింది తమిళ మీడియం అని మీకందరికీ తెలుసు. ఒత్తులు తప్పిపోతే సరిచెయ్యండి, నవ్వొద్దు. నవ్వాల్సిన మనిషి గురించి కింద చెప్తాను.

పోయిన ఆదివారం కమిటీ మీటింగులో హాలుకు సున్నం కొట్టిన తర్వాత ఏ ఫోటోలు పెట్టాలి అన్న మాట వచ్చింది. శ్రీకృష్ణదేవరాయలు, అన్నమయ్య, వేమన, పొట్టి శ్రీరాములు, ఎన్టీఆర్, ఘంటసాల. అన్నీ ఒప్పుకున్నాం. నేను చెయ్యి ఎత్తి "రేలంగి వెంకట్రామయ్య గారిది కూడా పెడదాం" అన్నాను. అందరూ నవ్వినారు. ఒక పిల్లోడు "ఎవరంకుల్ ఆయన?" అన్నాడు. ఒక పెద్దాయన, నాకు అన్నలాంటివాడు, "ఏమప్పా, కమెడియన్ ఫోటోకు దండ వేస్తే బయటివాళ్ళు మనల్ని ఏమనుకుంటారు?" అన్నాడు. నేను అక్కడ గమ్మున కూర్చున్నాను. ముప్పై అయిదేండ్లు రైల్వేలో గుమాస్తాగా పనిచేసినవాడికి మీటింగులో గమ్మున ఉండడం అలవాటే. కానీ ఇంటికి వచ్చినాక నిద్ర పట్టలేదు. అందుకే ఇది.

పిల్లల కోసం ముందు ఆయన ఎవరో చెప్తాను. రేలంగి 1910లో తూర్పుగోదావరి జిల్లాలో పుట్టినారు. వాళ్ళ నాయన సంగీతం, హరికథ నేర్పేవారు. చిన్నప్పుడే తల్లి పోయింది. కాకినాడలో నాటకాలు ఆడుతూ, హార్మోనియం వాయిస్తూ పెరిగినారు. 1935లో శ్రీకృష్ణ తులాభారంలో మొదటిసారి తెర మీద కనబడినారు. ఆ తర్వాత ఏమైంది? ఏమీ కాలేదు. చిన్న చిన్న వేషాలు, సి. పుల్లయ్య గారి దగ్గర ప్రొడక్షన్ పనులు. పేరు వచ్చింది 1949లో, కె.వి. రెడ్డి గారి గుణసుందరి కథతో. అంటే పద్నాలుగేండ్లు కాచుకున్నారు. అప్పటికి ఆయనకు దగ్గర దగ్గర నలభై. ప్రమోషన్ కోసం పద్నాలుగేండ్లు కాచుకున్న మా రైల్వేవాళ్ళకు ఆ బాధ ఏమిటో తెలుసు.

ఆ తర్వాత పాతాళభైరవి, విప్రనారాయణ, మిస్సమ్మ, మాయాబజార్, నర్తనశాల. హీరో మారినా రేలంగి ఉండాల్సిందే అనే కాలం అది. 1970లో పద్మశ్రీ ఇచ్చినారు. 1975 నవంబరులో పోయినారు. తాడేపల్లిగూడెంలో ఆయన కట్టించిన సినిమా హాలుకు ఆయన పేరే.

ఇంకొకటి. ఆయన పాడేవారు. మిస్సమ్మలో అడుక్కునే దేవయ్య వేషంలో వచ్చే పాటలు ఆయన సొంత గొంతే. ఆ గొంతులో తియ్యదనం వెతకొద్దండి. వీధిలో పాడుకుంటూ పోయే మనిషి గొంతు అది. ఆ వేషానికి కావాల్సిందీ అదే.

ఇప్పుడు నా కథ. మా నాయన గని కార్మికుడు. పలమనేరు పక్క నుంచి వచ్చి ఇక్కడ లైన్లలో ఇల్లు సంపాదించుకున్నాడు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో తమిళం, ఆఫీసు కాగితంలో ఇంగ్లీషు. మన కేజీఎఫ్‌లో చాలామందికి ఇదే లెక్క. నేను మాయాబజార్ మొదట చూసింది తమిళంలో. టెంటు కొట్టాయిలో, ఇసుక మీద కూర్చొని. 1957లో తెలుగు మాయాబజార్ వచ్చిన కొన్నాళ్ళకే తమిళంలోనూ వచ్చింది. కృష్ణుడు ఎన్టీఆరే, ఘటోత్కచుడు ఎస్వీ రంగారావే, శశిరేఖ సావిత్రే. కానీ లక్ష్మణకుమారుడు మాత్రం రేలంగి కాదు, తంగవేలు. నేను చూసిన రీలు మళ్ళీ మళ్ళీ ఆడించి గీతలు పడిన రీలు. తంగవేలును చూసి కొట్టాయి అంతా పడి పడి నవ్వింది. పక్కనున్న మా నాయన కూడా నవ్వినాడు గానీ, ఇంటికి నడిచి వచ్చేటప్పుడు "మన తెలుగులో దీన్ని రేలంగి చేసినాడ్రా, అది చూడాల" అన్నాడు. నాకు అప్పుడు తొమ్మిదేండ్లు. తెలుగులో ఆ సినిమా ఉందనే నాకు తెలీదు.

ఆలోచించండి. కృష్ణుణ్ణి మార్చకుండా రెండు భాషల్లో తీయొచ్చు. రాక్షసుణ్ణి కూడా మార్చకుండా తీయొచ్చు. కానీ నవ్వించేవాణ్ణి మార్చాల్సి వచ్చింది. ఎందుకు? వీరం ఏ భాషలోనైనా వీరమే. గద ఎత్తితే అందరికీ తెలుస్తుంది. నవ్వు అట్ల కాదు. మాట ఎక్కడ సాగదీయాల, ఎక్కడ మింగాల, ఏ ఊరి యాస పెడితే ఎవరు నవ్వుతారు, ఇవన్నీ ఆ భాషలో పుట్టి పెరిగినవాడికే వస్తాయి. తంగవేలు గొప్ప నటుడు, అందులో అనుమానం లేదు. ఆయన తమిళులకు గొప్ప. నా లెక్క ప్రకారం ఒక భాష గుండెకాయ ఎక్కడుందో తెలుసుకోవాలంటే దాని హీరోను కాదు, దాని హాస్యగాణ్ణి చూడాల.

1981లో నాకు కుప్పం స్టేషనుకు ట్రాన్స్‌ఫర్ అయింది. తెలుగు మాట్లాడతాను, చదవడం రాదు. ప్లాట్‌ఫారం చివర బోర్డు మీద హిందీ, ఇంగ్లీషు, తెలుగు మూడూ ఉండేవి. కుప్పం, గుడుపల్లె, మల్లనూరు. స్టేషను పేర్లు నాకు కంఠతా వచ్చు కాబట్టి ఏ అక్షరం ఏదో కనిపెట్టుకున్నాను. నేను నేర్చుకున్న మొదటి ఒత్తు కుప్పంలో పకారం కింది ఒత్తు. బోర్డుల తర్వాత సినిమా పోస్టర్లు. ఒకరోజు గోడ మీద మాయాబజార్ పోస్టరు నా కండ్లతో నేనే చదివినాను. ఇరవై నాలుగేండ్ల వయసులో.

ఆ వారమే మా నాయనను పిలిపించినాను. మారికుప్పంలో బండి ఎక్కి, బంగారుపేటలో మారి వచ్చినాడు. అప్పటికే ఆయనకు గని దుమ్ముతో ఊపిరి సరిగా ఆడేది కాదు. గట్టిగా నవ్వితే దగ్గు వచ్చేది, దగ్గు వస్తే ఆగేది కాదు. రేలంగి పెండ్లికొడుకు వేషంలో ఎగురుతూ వస్తుంటే నాయన నవ్వినాడు, దగ్గినాడు, మళ్ళీ నవ్వినాడు. నేను "బయటికి పోదాం నాయనా" అంటే నా చెయ్యి తోసేసినాడు. సినిమా అయినాక బెంచీ మీద చాలాసేపు కూర్చొని "చూసినావా, నేను చెప్పలా" అన్నాడు. అంతే. ఇంకో రెండేండ్లకు పోయినాడు. మా నాయన అంతగా నవ్వింది నేను మళ్ళీ చూడలేదు.

అందుకని ఈయనకు ఫోటో పెట్టమంటున్నానా? అది ఒక్కటే అయితే మా ఇంట్లోనే పెట్టుకుంటాను. ఇంకో కారణం ఉంది.

1953లో పక్కింటి అమ్మాయి అని ఒక సినిమా వచ్చింది. దర్శకుడు సి. పుల్లయ్య. అంజలీదేవి పక్కన రేలంగే హీరో. పక్కింటి అమ్మాయికి సంగీతం అంటే ప్రాణం, ఇతనికి పాడడం రాదు. అందుకని పాడేవాణ్ణి చాటున కూర్చోబెట్టి, తాను కిటికీ దగ్గర నిలబడి పెదవులు ఆడిస్తాడు. ఆ చాటు గొంతు ఏ.ఎం. రాజా గారిది. ఆయన మన చిత్తూరు జిల్లా మనిషే. ఇదే కథ తమిళంలో అడుత్త వీట్టు పెణ్, హిందీలో పడోసన్. చూడండి విచిత్రం, నిజంగా పాడగలిగిన మనిషి పాడడం రానివాడిగా వేషం కట్టినాడు. పాట తెలిసినవాడికే పాట రానివాణ్ణి ఎట్ల చూపించాలో తెలుస్తుంది.

ఇప్పుడు మన ఉగాది ఫంక్షన్ గుర్తు తెచ్చుకోండి. పోయిన రెండు సంవత్సరాలూ పిల్లలు ఏం చేసినారు? ట్రాక్ పెట్టినారు, డాన్సు చేసినారు, పెదవులు ఆడించినారు. మనం చప్పట్లు కొట్టినాం, ఫోన్‌లో తీసినాం. ఎవరి గొంతూ బయటికి రాలేదు. కిటికీ దగ్గర నిలబడి పెదవులు ఆడించే ఆ వేషం ఇప్పుడు మన పిల్లలు కడుతున్నారు. తప్పు వాళ్ళది కాదు. ఇంట్లో మనం తెలుగులో మాట్లాడితే వాళ్ళు వేరే భాషలో జవాబు ఇస్తారు, మనం సరే అని ఊరుకుంటాం. పెద్ద పద్యం పాడమంటే భయపడతారు, న్యాయమే. కానీ దేవయ్య పాడినట్టు ఒక బిచ్చగాడి పాట, నర్తనశాలలో ఉత్తరకుమారుడి బడాయి మాటలు పది, ఇవి చెప్పడానికి భయమెందుకు? శ్రుతి తప్పినా పరవాలేదు. తప్పితే ఇంకా నవ్వొస్తుంది. భాషలోకి పిల్లలు దూరడానికి ఇంతకంటే చిన్న గుమ్మం నాకు తెలీదు.

ఆ పెద్దాయన మాటకు కూడా జవాబు చెప్పాల. బయటివాళ్ళు ఏమనుకుంటారు? మన పక్కింటి తమిళులను చూడండి. ఎన్.ఎస్. కృష్ణన్ హాస్యనటుడే, సొంత గొంతుతో పాడినవాడే. చెన్నైలో సర్కారు హాలుకు ఆయన బిరుదుతోనే కలైవాణర్ అరంగం అని పేరు. కరోనా కాలంలో 2020లో తమిళనాడు శాసనసభ ఆ హాల్లోనే కూర్చుంది. మంత్రులు, ముఖ్యమంత్రి అందరూ ఒక కమెడియన్ పేరు కింద కూర్చొని చట్టాలు చేసినారు. ఎవరి పరువూ పోలేదు. అదే తమిళంలో చంద్రబాబు అని ఇంకొకడు ఉండేవాడు. పాట, డాన్సు, హాస్యం మూడూ వచ్చినవాడు. 1974లో కష్టాల్లో పోయినాడు. నవ్వించేవాళ్ళను బతికినప్పుడు వాడుకోవడం, పోయినాక మరిచిపోవడం అన్ని భాషల్లోనూ ఉంది. మనం ఆ పని చెయ్యకుండా ఉండొచ్చు కదా.

ఒకటి ఒప్పుకుంటాను. ఆ కాలం హాస్యంలో అన్నీ మంచివి కావు. గయ్యాళి పెండ్లాం, దెబ్బలు తినే మొగుడు, నత్తిమాట, వీటి మీద నవ్వులు ఈరోజు మన ఆడపిల్లల ముందు వెయ్యడానికి నాకూ మనసు రాదు. ఏరుకోవాల. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు. రాళ్ళున్నాయని బియ్యం పారబోయం.

కాబట్టి కమిటీకి నా మనవి రెండు. ఒకటి, రేలంగి గారి ఫోటో. ఫ్రేముకు డబ్బు నా పెన్షన్‌లో నుంచి ఇస్తాను, సంఘం లెక్కలో రాయొద్దు. కృష్ణదేవరాయల పక్కన పెట్టమని అడగను. చెప్పులు వదిలే చోట, వాకిలి దగ్గర పెట్టినా చాలు. లోపలికి వచ్చే ప్రతివాడూ ముందు ఒకసారి నవ్వి వస్తాడు. రెండు, వచ్చే ఉగాదికి ట్రాక్ లేకుండా, సొంత గొంతుతో, తెలుగులో కనీసం ఒక్క అంశం ఉండాల. రెండూ కుదరవు అంటే ఫోటో వదిలెయ్యండి, రెండోది మాత్రం వదలొద్దు.

ఎవరూ ముందుకు రాకపోతే ఆ మొదటి అంశం నేనే చేస్తాను. దేవయ్య వేషం. జోలె మా ఇంటామె కుడుతానన్నది. నా గొంతు ఎట్లుంటుందో బుకింగ్ కౌంటర్ ముందు నిలబడినవాళ్ళకు తెలుసు. అయినా పాడతాను. ఎవరంకుల్ ఆయన అని అడిగిన పిల్లోడు ముందు వరసలో కూర్చోవాల. నవ్వితే నాకు సంతోషం.

మీ అభిప్రాయం కింద రాయండి. తమిళంలో రాసినా చదువుతాను, తెలుగులో రాస్తే ఇంకా సంతోషం.