పదేళ్లు దాటితే డీజిల్ బండి తుక్కేనా?

పోస్టు కాస్త పెద్దది. కోపం వస్తే కింద రాయండి, కానీ పూర్తిగా చదివాకే రాయండి.

ఈమధ్య రంభ నుంచి బరంపురం దాకా మనవాళ్ల మధ్య ఒకటే మాట: "డీజిల్ బండికి పదేళ్లు దాటితే చెల్లదట. వచ్చిన కాడికి అమ్మేయండి." ఈ మాట మోసుకొచ్చేది ఎవరు? పాతబండ్లు కొనే దళారులు. విని హడలిపోయి తాళాలు చేతిలో పెట్టేది మనం. ఆ బండే మళ్లీ రంగు పూసుకుని ఇంకో ఊళ్లో తిరుగుతుంది. తుక్కే అయితే వాళ్లెందుకు కొంటున్నారో ఎవరైనా అడిగారా?

ముందు చట్టం చూద్దాం. పదేళ్ల లెక్క ఢిల్లీది. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికి పెట్టింది. 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. గంజాం జిల్లాకు ఆ ఉత్తర్వుతో సంబంధం లేదు. ఇక్కడ తెల్లబోర్డు జీపుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆపైన ఫిట్‌నెస్ చూపించి ఐదేసి ఏళ్లకు పొడిగించుకోవచ్చు. చేపల పెట్టెలు మోసే పసుపుబోర్డు పికప్‌కి ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ కావాలి. అంటే చట్టం అడిగేది బండి రోడ్డుమీద తిరగడానికి పనికొస్తుందా అని.

కానీ ఫీజు దగ్గర మనకూ కోపం ఉంది. 15 ఏళ్లు దాటిన కారు, జీపు రెన్యువల్‌కి ఒకప్పుడు 600 రూపాయలు. 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 చేశారు. 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు. పొగ తక్కువ వదిలే బండికీ అంతే, ఊరంతా నల్లచేసే బండికీ అంతే. ఇది కాలుష్యం మీద పన్ను కాదు, వయసు మీద పన్ను. పోనీ తుక్కుకి ఇస్తే ఎంతొస్తుంది? 2021 స్క్రాపేజ్ విధానం చెప్పిన లెక్క ప్రకారం అలాంటి కొత్తబండి షోరూం ధరలో 4 నుంచి 6 శాతం. మిగతాదంతా వాయిదాల మీద తెచ్చుకోవాలి. తెల్లారితే చేపలు, రొయ్యలు, సాయంత్రం పెళ్లికి పిల్లలు, ముసలివాళ్లు, అర్ధరాత్రి ఆసుపత్రి. ఒకే బండి మీద నడిచే ఇంటికి ఆ వాయిదా ఏపాటి బరువో షోరూం వాడికి తెలియదు.

ఇక అసలు సంగతి. పాత డీజిల్ బండి విలువ దాని ఇనుములో లేదు, మన చేతికి లొంగడంలో ఉంది. డీజిల్ అయిపోయి గాలి పట్టిందా? ఫిల్టర్ మీద స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొట్టి, బుడగలు ఆగాక బిగిస్తే స్టార్ట్ అవుతుంది. చలికాలం పొద్దున్నే మొరాయిస్తే హీటర్ ప్లగ్గులు చూస్తాం. ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు మనమే వదులుతాం. ఆయిల్, బెల్టు, గ్రీజు అన్నీ మన వాకిట్లోనే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటిన రాత్రి మన జిల్లావాళ్లకు గుర్తుచేయనక్కర్లేదు. అలాంటి రోజుల్లో ల్యాప్‌టాప్ తగిలిస్తే తప్ప జబ్బు చెప్పని బండి కన్నా, పానాకు లొంగే బండే ఆదుకుంటుంది. బాగుచేసుకునే హక్కు గురించి కేంద్రమే 2022 డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచింది, అందులో వాహనాలూ ఉన్నాయి. ఒక చేత్తో హక్కు అంటూ ఇంకో చేత్తో ఫీజు పెంచితే ఏం న్యాయం?

"పొగ సంగతేంటి?" అంటారు. సరైన ప్రశ్నే. 2020 నుంచి వస్తున్న బీఎస్-6 బండితో పోలిస్తే మన పాత ఇంజన్ మసి ఎక్కువే వదులుతుంది. కాదనం. కానీ నల్లపొగ బండి వయసు కాదు, జబ్బు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందో, నాజిల్ కారుతోందో చూడాలి. నీలంపొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే నీళ్లు లోపలికి పోతున్నాయేమో అనుమానించాలి. వైద్యం చేయించకుండా "పాతబండి కదా, అంతే" అనేవాడు మన పక్షాన మాట్లాడే అర్హత పోగొట్టుకున్నట్టే.

ఇప్పుడు మనవాళ్లను అడుగుతున్నాం. ఇంట్లో బాగుచేయడమంటే తీగ కట్టి నడపడం కాదు. బ్రేకు ఆయిల్ చెమ్మ పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చాలి. ఒట్టి జాకీ మీద లేపిన బండి కిందకి దూరకూడదు, స్టాండ్లు పెట్టాలి. డీజిల్ పంపు, స్టీరింగ్, ఛాసిస్ పగుళ్లు మన వాకిట్లో పనులు కావు, షెడ్డుకి పంపాలి. చిలికా ఉప్పుగాలికి ముందు తినిపోయేది కింది భాగమే. మంచినీళ్లతో కడిగి, తుప్పు గీకి, రెడాక్సైడ్ వేయాలి. అన్నిటికన్నా సిగ్గుచేటు, తీసిన నల్ల ఆయిల్ని కాలువలో పోయడం. ఆ కాలువ ఎక్కడికి పోతుంది? దేశంలో మొట్టమొదట, 1981లోనే, రామ్‌సర్ గుర్తింపు పొందిన సరస్సు మనది. దాని చేపలమ్మి బతుకుతూ దాని నోట్లో ఆయిల్ పోస్తామా?

అందుకే సంఘం ముందు మూడు మాటలు పెడుతున్నాం. ఒకటి, వాడేసిన ఆయిల్‌కి సంఘం తరఫున ఒక డ్రమ్ము. నిండితే అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకే ఇవ్వాలి. రెండు, నాలుగు జాకీ స్టాండ్లు, ఒక పానాల సెట్టు అందరి వాడకానికి. నెలకో ఆదివారం పెద్ద మేస్త్రీలు కుర్రాళ్లకు పని నేర్పాలి, ఆడపిల్లలకు కూడా. మూడు, ఆర్సీలో తేదీ చూడకుండా, సంఘంలో ఒక్కమాట అడగకుండా ఎవరూ భయంతో బండి అమ్మొద్దు.

బ్రేకు పడని బండిని, పొగ ఆగని బండిని మేమే ఆపమంటాం. బాగున్న బండిని మాత్రం వయసు చూపించి ఎవరు ఆపమన్నా ఒప్పుకోం. వచ్చే మీటింగులో ఈ మూడూ తేల్చండి.