వాతావరణ సూచనలో కూలీకి చోటేదీ?

ఉగాదినాడు గుడి అరుగుమీద పంచాంగం విప్పి ఈ ఏడు వానెంత, పంటెంత అని చదువుతారు. అది ఊరందరి లెక్క. ఉగాది వెళ్లిందంటే కర్నూలు, కడప సీమల కూలీకి కావలసిన లెక్క వేరే వుంది: వచ్చే వారం ఎండ ఎంత, పని ఎన్నింటి దాకా?

ఆ లెక్క చెప్పడానికి యంత్రాంగం లేక కాదు. 1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖ ప్రతి గురువారం రాబోయే రెండు వారాల అంచనా విడుదల చేస్తుంది. ఏ మండలంలో వడగాడ్పులు వీస్తాయో, ఎక్కడ పిడుగులు పడవచ్చో రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ముందుగానే హెచ్చరిస్తున్నది. ఇది మంచిదే, మనం కాదనం. ఆ హెచ్చరిక చేలో వంగిన మనిషికి ఏ విధంగా పనికొస్తున్నదన్నదే మన ప్రశ్న.

మిట్టమధ్యాహ్నం బయటికి రావద్దని సలహా యిస్తారు. నెల తిరిగేసరికి జీతం అందేవానికి ఆ సలహా చాలు. దినకూలీ బయటికి రాకపోతే ఆ పూట పొయ్యి వెలగదు. కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు వైపు నుంచి పిల్లాజెల్లాతో గుంటూరు మిరప కోతలకు వలసపోయిన కుటుంబాలకు కోత ముగిసేదాకా చేను గట్టే యిల్లు. వాళ్లు ఏ తలుపు మూసుకొని లోపల కూర్చోవాలి?

ఇక వడగాడ్పు అని ఎప్పుడంటారో చూద్దాం. మైదాన ప్రాంతంలో ఎండ కనీసం 40 డిగ్రీలుండాలి, ఆపైన అక్కడి సాధారణ ఎండకన్నా నాలుగున్నర డిగ్రీలు ఎక్కువ కావాలి. లేదా ఏకంగా 45 డిగ్రీలు దాటాలి. కర్నూలులో ఏప్రిల్, మే నెలల్లో సాధారణ ఎండే సుమారు 39, 40 డిగ్రీలు. అంటే 43 డిగ్రీల ఎండ కాసినా కాగితం మీద అది వడగాడ్పు కాదు! ఎండకు పుట్టిన సీమ కాబట్టి ఎక్కువ ఓర్చుకోవాలన్నట్టుంది ఈ కొలత. పైగా ఆ ఉష్ణమాపకం వుండేది నేలకు నాలుగడుగుల ఎత్తున, గాలాడే తెల్లటి చెక్కపెట్టెలో, నీడన. ఎర్రటి ఎండలో నల్లరేగడి మీద పార పట్టినవాని ఒంటికి, బేతంచెర్ల నాపరాళ్ల గనిలో రాయి మోసేవాని వీపుకు తగిలే వేడి ఆ పెట్టెలో కనబడదు.

దీని ఫలితం మనకు కొత్త కాదు. 2003 వేసవిలో ఉమ్మడి రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా, 2015 మేలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే మళ్లీ వెయ్యిమందికి పైగా వడదెబ్బకు బలయ్యారు. ఇవి లెక్కకెక్కిన చావులు. సాయంత్రం పనినుంచి వచ్చి, తల తిప్పుతున్నదని పడుకొని, తెల్లారి లేవని ముసలివాళ్ల చావులు ఎన్ని లెక్కకెక్కాయి? 2015లో అంతమంది పోయినప్పుడు కేంద్రం సాయం చేసే విపత్తుల జాబితాలో వడగళ్లున్నాయి, శీతల గాలులున్నాయి, వడగాడ్పు మాత్రం లేదు. చలికి చచ్చినా విపత్తే, ఎండకు చస్తే తలరాత!

ఎండ ముదిరినకొద్దీ గాలివాన కూడా ముంచుకొస్తుంది. 2025 మార్చిలో కడప జిల్లా లింగాల మండలంలో గెలలతో వున్న అరటి తోటలు గాలివానకు నేలమట్టమయ్యాయి. రైతుకు నష్టపరిహారం రావలసిందే, కౌలురైతుకు మరీ ముందు రావాలి. ఆ విషయంలో మనం రైతు పక్షానే వుంటాం. అయితే ఆ గెలలు కోసి, మోసి, లారీకెత్తే కూలీల పనిదినాలూ ఆ తోటతోనే కూలిపోయాయి. పంట నష్టం రాసుకునే కాగితంలో వాటికి గడి లేదు.

ప్రభుత్వం తలచుకుంటే ఎండను లెక్కలోకి తీసుకోగలదనడానికి రుజువుంది. ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి పనులకు వేసవి భత్యం వుండేది. ఫిబ్రవరిలో 20 శాతం, మార్చిలో 25, ఏప్రిల్, మే నెలల్లో 30 శాతం. నేల గట్టిపడుతుంది, మనిషి త్వరగా అలసిపోతాడు, కాబట్టి తక్కువ కొలతకే పూర్తి కూలి పడాలన్నది అందులోని న్యాయం. ఆ న్యాయం తర్వాత పోయింది. దానికి బదులు రోజుకు రెండు ఫోటోల హాజరు వచ్చింది, 2023 జనవరి నుంచి దేశమంతటా తప్పనిసరి చేశారు. తెల్లవారుజామున వెళ్లి పని ముగించుకున్న ఆడకూలీలు రెండో ఫోటో కోసం ఎండలో కనిపెట్టుకు కూర్చోవడం మేము కళ్లారా చూశాం.

అందుచేత పథకం పేరేదైనా, పని ప్రభుత్వానిదైనా భూస్వామిదైనా, మన డిమాండ్లు ఇవి. వేసవిలో పని పొద్దున ఆరుకు మొదలై పదకొండుకు ముగియాలి, కూలి తగ్గకూడదు. వేసవి భత్యం తిరిగి యివ్వాలి. పనిచోట నీడ, మంచినీళ్లు, ఉప్పు చక్కెర కలిపిన నీళ్ల పొట్లాలు వుండాలి. వడగాడ్పు హెచ్చరిక వచ్చి పని ఆపితే ఆ రోజు కూలి చెల్లించాలి. వడదెబ్బ చావును డాక్టరు చేత నమోదు చేయించి కుటుంబానికి పరిహారం యివ్వాలి.

అర్జీ యిచ్చి కూర్చుంటే ఇవి రావు. అప్పటిదాకా మనం చేయగలిగినదీ వుంది. గురువారం వచ్చే అంచనాను సంఘం కార్యకర్త ఆ రాత్రే పేటలో చదివి వినిపించాలి. ముఠాలోని ముసలివాళ్లకు, బాలింతలకు నీడపట్టు పని పంచాలి. ఎవరైనా చెమట ఆగి తూలుతుంటే ఆలస్యం చేయక నీడకు చేర్చి, తడిబట్టతో ఒళ్లు తుడుస్తూ ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఉరుము వినబడితే చెట్టుకిందికి పరుగెత్తవద్దు, గొర్రెలకాపరులకూ ఇది చెప్పాలి. పదకొండయ్యేసరికి ముఠా మొత్తం ఒక్కసారిగా గట్టెక్కాలి. ఒక్కరు పార దించితే పనిదొంగ అంటారు. వందమంది కలిసి దించితే మాటకు కూర్చుంటారు.