సౌండ్ పెంచడానికి కాదు, తగ్గించడానికి

మంచి ఇన్-ఇయర్ హెడ్‌ఫోన్స్ కొంటే ఫ్రెండ్స్ మొదట అడిగేది "బేస్ ఎట్లుంది?" అనే. నన్నడిగితే అసలు ప్రశ్న వేరే: ఎంత తక్కువ వాల్యూమ్‌లో పాట పూర్తిగా వినిపిస్తోంది?

గార్లదిన్నె నుంచి అనంతపురం పోయే బస్సునే తీసుకోండి. హైవే 44 మీద ఇంజిన్ మోత, కిటికీ గాలి, హారన్లు. చెవికి పైపైన ఆనే మామూలు ఇయర్‌ఫోన్స్‌తో ఆ మోతను గెలవాలని వాల్యూమ్ పెంచుతూ పోతాం. చెవికి సరిగ్గా పట్టే సిలికాన్ టిప్ ఉంటే మోత చాలావరకు బయటే ఆగుతుంది, సగం వాల్యూమ్‌కే తబలా దెబ్బ విడిగా తెలుస్తుంది. టిప్ వదులైతే బేస్ కూడా పోతుంది. అందుకే డబ్బాలో వచ్చిన సైజులన్నీ పెట్టి చూడాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు. 90 అయితే 4 గంటలే. రోజూ కాలేజీకి పోయొచ్చేవాళ్ళకు ఆ 4 గంటలు వారం మధ్యలోనే అయిపోతాయి. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే కణాలు చచ్చిపోతే మళ్ళీ పుట్టవు. వాటికి బ్యాకప్ లేదు.

అయితే మోతను ఆపే ఆ టిప్ మనుషుల్ని కూడా ఆపేస్తుంది. బస్సు దిగి రోడ్డు దాటేటప్పుడు లారీ వినపడదు. ఇంట్లో జేజి మూడుసార్లు పిలిచినా వినపడదు. నాలుగోసారి ఆమె పిలవడం మానేస్తుంది. నాకు లారీ కంటే దానికే ఎక్కువ భయం.

కాబట్టి బస్సులో పెట్టుకుందాం, సగం వాల్యూమ్‌లో. దిగేముందు రెండూ తీసేద్దాం. ఇంట్లో అవి డబ్బాలోనే ఉండనీ.