బస్తర్ యువతకు కంప్యూటర్ విద్య: నిచ్చెనలో విరిగిన మెట్లు

బైలాడిలా కొండల్లో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ఇనుప ఖనిజం తవ్వకాన్ని 1968లో ప్రారంభించింది. ఆ ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపాన్‌కు చేర్చడానికే తూర్పు కనుమలను తొలిచి కొత్తవలస-కిరండూల్ రైలుమార్గాన్ని నిర్మించారు. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది. విశాఖ ఉక్కు కర్మాగారం కొలుములకు బైలాడిలా ఖనిజమే ఆధారం. అర్ధ శతాబ్దానికి పైగా బస్తర్ కొండల సంపద మన కళ్లముందే పల్లానికి దిగుతూ ఉంది. ఆ కొండల నీడలో పుట్టిన గిరిజన బిడ్డ మాత్రం ఒక్క మెట్టు పైకి ఎక్కడానికి అష్టకష్టాలు పడవలసి వస్తున్నది. ఇప్పుడు ఆ బిడ్డ చేతికి కంప్యూటర్ అందిస్తామని ప్రభుత్వమూ, స్వచ్ఛంద సంస్థలూ ముందుకు వచ్చాయి. ఇది స్వాగతించదగిన పరిణామమే. అయితే అందిస్తున్నది నిచ్చెనా, లేక నిచ్చెన చిత్రపటమా అన్నది నిదానంగా పరిశీలించవలసిన విషయం.

ఒకప్పటి ఉమ్మడి బస్తర్ జిల్లా కేరళ రాష్ట్రం కంటే పెద్దది. నేడది ఏడు జిల్లాల డివిజన్. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అక్షరాస్యత 73 శాతం, ఛత్తీస్‌గఢ్‌లో 70 శాతం ఉండగా బీజాపూర్ జిల్లాలో దాదాపు 41 శాతం, సుక్మాతో కలిసి ఉన్న నాటి దంతెవాడ జిల్లాలో 42 శాతం మాత్రమే. స్త్రీల అక్షరాస్యత ఈ రెండు జిల్లాల్లోనూ మూడింట ఒక వంతుకు మించలేదు. ఆ లెక్కలు తీసిన నాడు బడి ఈడులో ఉన్నవారే నేడు ఉద్యోగం కోసం వెదుకుతున్న యువతీ యువకులు. కనుక ఆ అంకెలు పాతబడ్డాయని తోసిపుచ్చడానికి వీలులేదు.

ఈ పరిస్థితిని మార్చేందుకు ఏమీ జరగలేదని అనడం అన్యాయం. దంతెవాడ జిల్లా గీదం సమీపంలోని జావంగాలో వెలసిన విద్యానగరం దేశం దృష్టిని ఆకర్షించింది. హింసకు తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లలకు, వికలాంగులకు అక్కడ వసతి విద్యాలయాలు ఏర్పడ్డాయి. 2015 మే 9న ప్రధాని నరేంద్ర మోదీ అక్కడి విద్యార్థులతో ముచ్చటించారు. ఆ ప్రయత్నానికి ఊపునిచ్చిన నాటి జిల్లా కలెక్టర్ ఓ.పి. చౌదరి 2018లో ఉద్యోగానికి రాజీనామా చేసి రాజకీయాల్లోకి వచ్చి, 2023 డిసెంబరులో రాష్ట్ర ఆర్థిక మంత్రి అయ్యారు. 2018 ఏప్రిల్ 14న బీజాపూర్ జిల్లా జాంగ్లాలో ప్రధాని గ్రామీణ బీపీఓ ఉద్యోగులను కలుసుకున్నారు. బస్తర్‌కు ఆప్టికల్ ఫైబర్ తీగలు పరిచే పథకం కూడా ఆ ఏడాదే తెరపైకి వచ్చింది. 2016లో ప్రారంభమైన నవగురుకుల్ అనే స్వచ్ఛంద సంస్థ పేద కుటుంబాల యువతులకు ఉచిత వసతితో ప్రోగ్రామింగ్ నేర్పే కేంద్రాలను నడుపుతున్నది. దంతెవాడలోనూ ఆ సంస్థకు కేంద్రం ఉంది. కాలేజీ పట్టా లేకపోయినా ప్రవేశం కల్పించడం ఆ విధానంలోని విశిష్టత.

ఇక్కడే ఒక మౌలికమైన తేడాను గుర్తించాలి. కంప్యూటర్ విద్య అనే మాట కింద రెండు వేర్వేరు వస్తువులు చలామణి అవుతున్నాయి. టైపింగు, డేటా ఎంట్రీ, ఫోన్‌కు సమాధానం చెప్పడం వంటివి మూడు నాలుగు మాసాల్లో నేర్పి ధ్రువపత్రం ఇచ్చేది మొదటిది. గణితం, తర్కం, ఇంగ్లీషు, ప్రోగ్రామింగ్ కలిపి ఏడాదికి పైగా కూర్చోబెట్టి నేర్పేది రెండవది. మొదటిది కూలి రూపాన్ని మారుస్తుంది. రెండవది మనిషి స్థానాన్ని మార్చగలదు. ప్రభుత్వ నివేదికల్లో రెండింటికీ ఒకే గడి కేటాయించి, శిక్షణ పొందినవారి సంఖ్య ఇంత అని ప్రకటించుకోవడం వల్ల అసలు ఫలితం మరుగున పడిపోతున్నది.

ఈ తేడా నేడు మరింత ప్రాణప్రదంగా మారింది. ఫోన్‌లో జవాబులు చెప్పడం, పత్రాల్లోని వివరాలు యంత్రంలోకి ఎక్కించడం, చిన్నపాటి ప్రోగ్రాములు రాయడం వంటి తొలిమెట్టు పనులను కృత్రిమ మేధ స్వయంగా చేయనారంభించింది. నగరాల ఇంజనీరింగ్ పట్టభద్రులే కొలువుల కోసం వరుసలో నిలబడి ఉన్నారు. అటువంటప్పుడు నాలుగు మాసాల ధ్రువపత్రంతో బీజాపూర్ యువతిని ఆ వరుస చివర నిలబెట్టి, అవకాశం కల్పించామని చేతులు దులుపుకోవడం ఆమెను మోసగించడమే అవుతుంది.

నిచ్చెనలో విరిగిన మొదటి మెట్టు ప్రాథమిక పాఠశాల. 2005లో సల్వాజుడుం ఆరంభమైన తరువాత సాగిన హింసలో వందలాది పల్లెలు చెదరిపోయాయి. మావోయిస్టులు పాఠశాల భవనాలను కూల్చివేశారు. పలుచోట్ల భద్రతా దళాలు పాఠశాలల్లో మకాం వేశాయి. పాఠశాలలను ఖాళీ చేయవలసిందిగా సుప్రీంకోర్టు 2011లో ఆదేశించవలసి వచ్చింది. గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి పోరుకు దింపడం రాజ్యాంగ విరుద్ధమని అదే ఏడాది జూలై 5న న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆ కొలువుకు అయిదో తరగతి పాసైతే ప్రాధాన్యం, నెలకు ఇచ్చే గౌరవ వేతనం 3 వేల రూపాయలు. అయిదో తరగతి చదివిన బస్తర్ యువకుడికి నాడు రాజ్యం చూపిన ఉద్యోగం అది. ఆ అన్యాయానికి ప్రాయశ్చిత్తం చేసుకోదలచిన రాజ్యం ఆ చదువును అయిదో తరగతి దాటించి, పన్నెండో తరగతి దాకా చెక్కుచెదరకుండా నడిపించాలి. గణితంలో పునాది లేని పిల్లవాడి ముందు కంప్యూటర్ పెడితే అది కేవలం వెలుగుతున్న పెట్టె.

రెండవ మెట్టు భాష. బస్తర్ బిడ్డ ఇంట్లో గోండీ, హల్బీ, దోర్లీ, భత్రీ, ధుర్వీ వంటి భాషల్లో ఏదో ఒకటి మాట్లాడుతుంది. బడిలో హిందీ ఎదురవుతుంది. కంప్యూటర్ ముందు కూర్చోగానే ఇంగ్లీషు ఎదురవుతుంది. రెండు పరాయి భాషల గోడలు దాటిన తరువాత గాని అసలు విషయం మొదలు కాదు. 2011 లెక్కల ప్రకారం దేశంలో గోండీ మాట్లాడేవారు దాదాపు 29.8 లక్షల మంది. అయినా రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషల్లో గోండీకి చోటు లేదు.

విచిత్రమేమిటంటే, అడ్డంకిగా కనిపిస్తున్న ఈ భాషే అవకాశం కూడా కాగలదు. మామూలు ఫోన్ ద్వారా గిరిజనులు తమ భాషలో వార్తలు, ఫిర్యాదులు వినిపించే సీజీనెట్ స్వర అనే వేదికను పాత్రికేయుడు శుభ్రాంశు చౌదరి 2010లో నెలకొల్పారు. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో వెలుగుచూసిన గోండీ లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం లభించింది. 2025 సెప్టెంబరులో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ప్రారంభించిన ఆదివాణి అనువాద సాధనంలో గోండీ ఉంది. ఇటువంటి సాధనాలకు మాటలు సేకరించేవారు, తప్పులు దిద్దేవారు, పరీక్షించేవారు కావాలి. బెంగుళూరులోని ఏ పట్టభద్రుడూ చేయలేని ఈ పనిని దంతెవాడ యువతి చేయగలదు. ఆమెకు తెలిసినదాన్ని పెట్టుబడిగా చేసే విద్యే ఆమెకు బేరసారాల బలాన్ని ఇస్తుంది.

మూడవ మెట్టు పరికరాలు. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో పట్టణ కుటుంబాల్లో 23.4 శాతానికి కంప్యూటర్ ఉండగా గ్రామీణ కుటుంబాల్లో 4.4 శాతానికే ఉంది. ఇది దేశం మొత్తానికి సంబంధించిన సగటు. అబూజ్‌మడ్ అడవుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. సెల్‌ఫోన్ చేరింది కదా అనే వాదన నిలవదు. ఫోన్‌తో చూడటం, వినడం సాధ్యం. ప్రోగ్రామింగ్ సాధన చేయడం దుర్లభం. అందువల్లనే వసతితో కూడిన దీర్ఘకాలిక శిక్షణకు ప్రత్యామ్నాయం లేదు.

ఈ విషయంలో తెలుగువారి అనుభవం పరిశీలించదగినది. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో తొలి గురుకుల విద్యాలయం ప్రారంభమైనప్పుడు పల్లె పిల్లలకు వసతితో చదువు చెప్పే పద్ధతి నిలుస్తుందా అని అనుమానించినవారు ఉండి ఉంటారు. ఆ గురుకులాలే తరువాత వేలాది పేద కుటుంబాల గతిని మార్చాయి. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు నెలకొల్పి, పదో తరగతి పూర్తయిన గ్రామీణ విద్యార్థులను ఆరేళ్ల చదువుకు నేరుగా చేర్చుకున్నారు. ప్రభుత్వ పాఠశాలల్లో చదివినవారికి వెనుకబాటును గుర్తించి అదనపు పాయింట్లు కలిపారు. ఆ సంస్థల్లో లోపాలు లేకపోలేదు. వసతి, భోజనం, అధ్యాపకుల కొరత గురించి విద్యార్థులు రోడ్డెక్కిన సందర్భాలూ ఉన్నాయి. అయినా పదో తరగతి దగ్గరే పట్టుకుని ఆరేళ్లు చేయి వదలకుండా నడిపించాలన్న సూత్రం మాత్రం సరైనది. బస్తర్‌కు కావలసింది ఆ సూత్రమే.

తాగునీరు, వైద్యం సరిగా లేని చోట కంప్యూటర్లేమిటన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. ఒకటి పూర్తయ్యాక గాని రెండవది మొదలు కాకూడదనే నియమాన్ని పేదలకే వర్తింపజేయడం న్యాయం కాదు. చదువుకున్నవారు నగరాలకు తరలిపోతారు, పల్లెకు ఒరిగేదేమిటన్నది మరో ఆక్షేపణ. ఇప్పటికీ బస్తర్ నుంచి మన మిరప చేలకు కోతల కాలంలో కూలీలు వస్తూనే ఉన్నారు. వలస కొత్తగా పుట్టేది కాదు. గత్యంతరం లేక వెళ్లడానికీ, కోరుకుని వెళ్లడానికీ మధ్య దూరమే సామాజిక పురోగతి.

నిధుల కొరత అనే సాకు ఇక్కడ చెల్లదు. ఖనిజాలు తవ్వే జిల్లాల ప్రజల కోసం 2015లో చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ ప్రతిష్ఠానాలను ఏర్పరిచారు. ఆ నిధుల్లో కనీసం 60 శాతాన్ని తాగునీరు, ఆరోగ్యం, విద్య, నైపుణ్యం వంటి ప్రాధాన్య రంగాలకు వెచ్చించాలని ఆనాటి మార్గదర్శకాల్లోనే ఉంది. బైలాడిలా వంటి గనులున్న దంతెవాడకు ఇది చిన్న వనరు కాదు. ఆ నిధులను భవనాల మీదనే గాక అధ్యాపకుల జీతాల మీద, పదేళ్లపాటు ఆగని వసతి శిక్షణ మీద వెచ్చించాలి. శిక్షణ పొందినవారి సంఖ్యను గాక, రెండేళ్ల తరువాత వారు ఎక్కడ ఏ వేతనంతో పనిచేస్తున్నారో ఏటా ప్రకటించాలి. ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉన్న ఖనిజ సంస్థ, బస్తర్ యువతకు ఇక్కడి సాఫ్ట్‌వేర్ సంస్థల్లో అప్రెంటిస్ అవకాశాలు కల్పించే బాధ్యత తీసుకోవడం కష్టమేమీ కాదు.

మన వాకిట్లోనూ ఒక బాకీ ఉంది. 2005 తరువాత హింసకు వెరచి గోదావరి దాటి ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి వచ్చిన గొత్తికోయల పిల్లలు ఇక్కడే పుట్టి పెరిగారు. షెడ్యూల్డ్ తెగల గుర్తింపు రాష్ట్రాలవారీగా ఉండటం వల్ల వారికి ధ్రువపత్రం దక్కడం దుర్లభంగా ఉంది. ధ్రువపత్రం లేనిదే గిరిజన గురుకులంలో రిజర్వేషన్ సీటు లేదు, ఉపకార వేతనం లేదు. బస్తర్‌లో కంప్యూటర్ నేర్పుతున్నారని మెచ్చుకునే మనం, ములుగు అడవిలోని బస్తర్ బిడ్డకు బడి తలుపు తెరవకపోవడం ఏ న్యాయం?

2025 మే 21న నారాయణపూర్ జిల్లా అడవుల్లో జరిగిన ఎదురుకాల్పుల్లో మరణించిన మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ల కేశవరావు వరంగల్ ఆర్‌ఈసీలో ఇంజనీరింగ్ చదివినవారు. అదే ఏడాది అక్టోబరు 17న జగదల్‌పూర్‌లో 210 మంది మావోయిస్టులు ఆయుధాలు విడిచారు. వారిలో సగానికి పైగా మహిళలే. తెలుగు నేల నుంచి ఇంజనీర్లు తుపాకులతో బస్తర్‌కు వెళ్లిన కాలం ముగింపుకు వచ్చింది. పాఠం చెప్పగల ఇంజనీర్లు వెళ్లవలసిన కాలం ఇది. తుపాకీ దించిన చేతికి కొన్ని మాసాల భత్యం, ఒక ధ్రువపత్రం ఇచ్చి సరిపెట్టుకుంటే సమస్య చల్లారినట్లు కనిపించవచ్చు గాని, తీరదు. 1968 నుంచి బస్తర్ నుంచి తీసుకుంటూనే ఉన్నాం. ఆరేళ్ల చదువు రూపంలో తిరిగి చెల్లించడం దానం కాదు, పాత బాకీలో తొలి వాయిదా మాత్రమే.